లైసెన్స్ రాకముందే రాయాల్సింది

కాగితం మడత విప్పకముందే తంబాకు వాసన వచ్చింది. పోయిన నెల మా నిజామాబాద్ ఆర్కిటెక్టుల సంఘం సమావేశం ముగిశాక, వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి వచ్చి నా చేతిలో పెట్టిన కాగితం అది. పేరు మౌనిక. చదువు అయిపోయింది, లైసెన్స్ ఇంకా రాలేదు, అందుకని సంఘంలో అసోసియేట్ సభ్యురాలు మాత్రమే. ఇంట్లో బీడీలు చుడతారని ఆ వాసనే చెప్పింది. నా చిన్నప్పటి పుస్తకాలన్నీ ఇదే వాసన కొట్టేవి. పసుపు మార్కెట్ యార్డులో ఆడకూలీల కోసం సంఘం తరఫున నేను గీసిన విశ్రాంతి గది నక్షా మీద అభ్యంతరం రాసింది. నెత్తిన గంప ఉన్న మనిషి ఆ తలుపులోంచి లోపలికి పోవడం కుదరదట. చదవగానే ఒళ్లు మండింది. "ఇంకా లైసెన్సే రాలేదు, అప్పుడే..." అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఒకప్పుడు నన్ను ఎవరన్నారో గుర్తొచ్చి ఇంకా మండింది. దానితోపాటే గంగాధర్ సార్ గుర్తొచ్చారు. ఆయన పోయి మూడేళ్లయింది. నా కోపం మాత్రం పోలేదు.

ఆయన ఆఫీసు బస్టాండు వెనక వీధిలో, టైర్ల దుకాణం మీద ఉండేది. బోధన్ దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఎప్పుడు చూసినా చొక్కా జేబులో కొలత టేపు బరువుకు జేబు సాగిపోయి ఉండేది. చదువు ముగిశాక నేను పనికి చేరింది ఆయన దగ్గరే. మొదటి వారం పెన్సిలు పట్టనివ్వలేదు. ఒక రైతు ఇల్లు కట్టే చోటికి తీసుకుపోయి, వంటగది వచ్చే జాగాలో ఎర్రటి ఎండలో కూర్చోబెట్టారు. "గీత తర్వాత గీద్దువు. ముందు కూసో. ఆ ఇంటామె యాడ కూసుంటదో గాడ కూసోని సూడు" అన్నారు. గంటసేపు కూర్చున్నాను. పొగ ఎటు పోతుందో, నీళ్ల బిందె ఎక్కడ దించుతారో అడిగి అడిగి ప్రాణం తీశారు. ఆ రోజు తిట్టుకున్నాను. ఈ రోజుకీ నేను గీసే ప్రతి గీతా అక్కడినుంచే మొదలవుతుంది, ఒప్పుకోక తప్పదు.

రెండో వారం సంఘం దరఖాస్తు తెచ్చి ముందు పెట్టారు. "నాకు లైసెన్సే రాలే సార్, గిప్పుడే సంఘమెందుకు?" అన్నాను. "అందుకే" అన్నారు. చేరాక తెలిసింది అసోసియేట్ల బతుకేమిటో. కుర్చీలు వేయాలి, ప్రొజెక్టరు మోయాలి, సమోసాలు పంచాలి, తర్వాత వెనక వరుసలో నోరు మూసుకుని కూర్చోవాలి. ఐదేళ్లు చదివింది ఇందుకా అని పళ్లు కొరుక్కునేదాన్ని. కుర్చీలు సర్దడానికి ఒక మనిషి తక్కువై నన్ను చేర్పించాడనుకున్నాను ఈయన.

ఒక సమావేశంలో బోధన్ రోడ్డు మీద ఒక ఊరిలో బీడీ కార్మికులు కూర్చుని పని చేసుకోడానికి సంఘం తరఫున కట్టించే హాలు నక్షా చూపించారు. గీసింది మా అధ్యక్షుడే. పొడవైన హాలు, రెండు వైపులా వరుసగా కిటికీలు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కిటికీ కింది అంచు మాత్రం నేలనుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది. నాకు మా అవ్వ గుర్తొచ్చింది. గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి పొద్దంతా ఆకు కత్తిరించే మనిషి. అలా కూర్చున్నవాళ్ల నెత్తి మీదుగా వెలుతురు నడి గదిలోకి పోతుంది. ఒళ్లో చాట చీకట్లోనే ఉంటుంది. వెలుతురు కోసం లోపలి గదినుంచి గడప మీదికి, గడప మీదినుంచి వాకిట్లోకి జరుగుతూ జరుగుతూ మా అవ్వ చూపు పోగొట్టుకుంది. నేను చేయెత్తాను.

"వాళ్లు కుర్చీలల్ల కూసోరు సార్, కింద కూసుంటరు. కిటికీలు కిందికి దించాలె."

అధ్యక్షుడు నవ్వాడు. "నువ్వు అసోసియేటువు గదమ్మా. ఇంకా లైసెన్సే రాలే, అప్పుడే మాకు చెప్తవా? రానియ్యి, అప్పుడు మాట్లాడుదువు."

అందరూ నవ్వారు. నేను ముందు వరుసలో ఉన్న గంగాధర్ సార్ వైపు చూశాను. నన్ను ఎండలో కూర్చోబెట్టి ఇదంతా నేర్పిన మనిషి ఆయనే కదా! ఆయన తల వంచుకుని టేపు లాగుతూ వదులుతూ ఉన్నారు. నక్షాకు ఆమోదం తెలిపేవాళ్లు చేతులెత్తమన్నారు. సార్ చేయెత్తారు.

బయట స్కూటరు దగ్గర ఆయన్ని నిలేశాను. "ఎందుకెత్తిండ్రు సార్ చెయ్యి? మీకు తెల్వదా?"

"తెలుసు" అన్నారు. "సంఘం నియమాల పుస్తకం సదివినవా? అసోసియేటుకు ఓటు లేదు. గని రాసిచ్చిన కాయితాన్ని వచ్చే మీటింగుల సదవాల్సిందే. రాసియ్యి."

"మీరు రాయొచ్చు గద!"

"నా చేతిల మూడు పనులున్నయ్ బిడ్డా. మూడూ ఆ అధ్యక్షుడు చెప్తే వచ్చినయే. లైసెన్స్ వస్తే పనులొస్తయి, పనుల ఎన్క భయమొస్తది. నీకింకా రాలే. అందుకే నిన్ను ముందే చేర్పించిన."

"అంటే మీ పిరికితనం నేను మొయ్యాల్నా సార్?"

స్కూటరుకు కిక్కు కొట్టి, నా ముఖం చూడకుండా "ఔ" అన్నారు.

రాసిచ్చాను. తర్వాతి సమావేశంలో కార్యదర్శి దాన్ని బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు అరిచినట్టు గడగడా చదివేశాడు. "గమనించడమైనది" అని రాసుకున్నారు. హాలు మూడున్నర అడుగుల కిటికీలతోనే లేచింది. వానాకాలం వెళ్లాక నేనూ సార్ చూడ్డానికి పోయాం. ఆడవాళ్లంతా హాలు బయట, గోడ నీడలో వరుసగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. లోపల ఆకు కట్టలు, ఎవరిదో చెడిపోయిన కూలరు ఉన్నాయి. "లోపట సీకటి బిడ్డా" అంది ఒక పెద్దామె. "కిటికీలు మాకు గాదు, నిలవడ్డోళ్లకు వెట్టిండ్రు." సార్ లోపలికి పోయి కిటికీ కింద నేల మీద కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు. తప్పయిందని ఒక్క మాట అంటే నా కోపం దిగేదేమో. అనలేదు. ఆ తర్వాతి సమావేశంనుంచి మాత్రం ముందు వరుస వదిలి మాతో పాటు వెనక కూర్చోవడం మొదలుపెట్టారు. అది చాలదు సార్ అని చాలాసార్లు అనాలనుకున్నాను. ఎన్ని కుర్చీలు వెనక్కి జరిగినా ఆ కిటికీలు కిందికి దిగవు కదా.

మౌనిక కాగితం పట్టుకుని మర్నాడే మార్కెట్ యార్డుకు పోయాను. పసుపు కొమ్ముల గంప నెత్తిన పెట్టుకున్న ఒకామెను ఆపి, ఆమె పక్కన టేపు నిలబెట్టి కొలిచాను. గంప అంచు నా తలుపు కంటే జానెడు పైకే ఉంది. అందరినీ నేల మీద కూర్చోబెట్టి చూసిన నేను, మనిషి నెత్తి మీద ఏముందో చూడలేదు. సిగ్గేసింది. మీరు నాతో రాయించిన కాగితమే మళ్లీ నా చేతికొచ్చింది సార్ అనుకుని ఆయన్ను కూడా తిట్టుకున్నాను.

నిన్నటి సమావేశంలో ఆ కాగితం నేనే లేచి నిదానంగా, ప్రతి అంకె వినిపించేలా చదివాను. "ఆమోదం అయిపోయింది గద మేడం, మళ్ల ఎందుకు?" అని ఎవరో గొణిగారు. తలుపు మార్చాలనేవాళ్లు చేతులెత్తమన్నారు. నా నక్షాకు వ్యతిరేకంగా మొదటి చేయి నాదే లేచింది. చుట్టూ చూశాను. ఇంకెవరూ ఎత్తలేదు. నేను దించలేదు. కాసేపటికి ఒకటి లేచింది, తర్వాత ఇంకొన్ని.

అంతా అయ్యాక మౌనిక కుర్చీలు మడుస్తూ అడిగింది. "మేడం, నా మీద గుస్సా వచ్చిందా?"

"వచ్చింది. ఇంకా ఉంది. లైసెన్స్ ఎప్పుడొస్తదట?"

"ఇంకో రెండు నెలలైతదట మేడం."

"రెండు నెలలే ఉన్నయా" అన్నాను. "అయితే ఒక్కటి గూడ వదలకు. కనవడ్డదంతా రాసియ్యి."