ఊరబావి మీద మా కడవ

నిన్న జగ్గయ్యపేట బజారులో వాన పడింది. తాళ్ళ కొట్టు ముందు చుట్టలుగా పెట్టిన కొబ్బరి తాళ్ళు తడిసి, ఆ నార వాసన గుప్పుమని తగిలేసరికి గొడుగు తెరవడం కూడా మరిచి అక్కడే నిలబడిపోయాను. మా ఊరబావి గట్టు మీద ఎప్పుడూ ఉండే వాసన అది.

నందిగామకీ పెనుగంచిప్రోలుకీ మధ్య, మునేరు వాగుకి మైలు దూరంలో ఉండేది మా ఊరు. ఊరికి తూర్పున మా క్రైస్తవుల పల్లె. ఎండలు ముదిరి నల్లరేగడి నేల నెర్రెలు విచ్చే రోజుల్లో, కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ, జుర్రిన తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుండగా, ఆడపిల్లలందరం కడవలు చంకనేసుకుని ఊరబావికి వెళ్ళేవాళ్ళం. మేము గట్టు ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. దూరంగా కడవలు వరసగా పెట్టి, ఎవరో ఒక తల్లి దయతలచి పోసేదాకా అచ్చనగాయలు ఆడుకుంటూ కూర్చునేవాళ్ళం. గొడ్లు మాత్రం నేరుగా వచ్చి గట్టు పక్క తొట్టిలో తాగిపోయేవి. ఏడేళ్ళ నాకు అదేమీ వింతగా తోచలేదు.

మా నాయనమ్మ రాహేలు మంత్రసాని. ఊళ్ళో పెద్దిళ్ళ పిల్లల్లో సగం మంది ఆవిడ చేతుల్లోకే పుట్టారు. పురుటి వేళ లోపలికి రానిచ్చేవారు, ఆవిడ వెళ్ళాక ఆ చోట పేడనీళ్ళు చల్లేవారు. క్రిస్మస్ అరిసెలకి బెల్లం, నువ్వులు ఆ ఇళ్ళవాళ్ళే ఇచ్చేవారు గానీ, మేము ఒక్క అరిసె పంపినా తీసుకునేవారు కాదు.

ఆవిడ కూతురు, మా ఎస్తేరత్త, నందిగామలో హాస్టల్లో ఉండి చదువుకుంది. అంటరానితనం నేరమని చట్టం వచ్చిందని మా పల్లెకి తెలిసింది ఆవిడ వల్లే. ఒక మిరపకోతల పొద్దున ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిన్నగా గట్టు ఎక్కి, చేద వేసి, తోడి, కడవ నింపింది. కడవ చంకనెత్తుకునే సమయానికి వెనకనుంచి ఎవరిదో కర్ర తగిలి అది భళ్ళున పగిలింది. అత్త తడిసిన చీరతోనే, తల వంచకుండా, ఊరి నడిమి దారినే నడిపించుకుని నన్ను ఇంటికి తెచ్చింది.

ఆ సాయంత్రమే ఊరు కట్టుబాటు చేసింది. మా వాళ్ళని కూలికి పిలవకూడదు, కొట్లో ఉప్పు కూడా అమ్మకూడదు, నీళ్ళు పోయకూడదు. రెండు నెలలు మునేటి ఇసకలో చెలమలు తవ్వుకుని, చిప్పతో తోడుకున్న నీళ్ళు తాగాం. అత్త నందిగామ తాలూకా ఆఫీసుకి అర్జీల మీద అర్జీలు రాస్తూనే ఉంది.

అలాంటి రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, ఊళ్ళో మోతుబరి రైతు ఒకాయన చెప్పుల్లేకుండా మా పల్లె మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. తొలికాన్పుకి వచ్చిన ఆయన కూతురు రాత్రి నుంచీ నొప్పులు పడుతోందట, బిడ్డ అడ్డం తిరిగిందట. వెళ్ళొద్దని అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కడుపులో బిడ్డకేం తెలుసే ఎస్తేరూ, దాని మీద కోపమెందుకు?" అని నాయనమ్మ ఆవిణ్ణి పక్కకి జరిపి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళి పెరట్లో కూర్చున్నాను. పొద్దు వాలే వేళకి బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆయన కొత్త కోక, చేటెడు బియ్యం తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"నాకు కోకొద్దయ్యా," అంది నాయనమ్మ. "ఒక్క కడవ, నా చేత్తో తోడుకోనియ్యండి."

ఆయన నేల చూపులు చూస్తూ లోపలికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ కోకని ముట్టుకోలేదు. ఎండిన నెత్తురు చేతులతోనే మునేటి దాకా నడిచి, చెలమలో నీళ్ళు చిప్పతో నన్ను పోయమని కడుక్కుంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

చివరికి అర్జీ ఫలించింది. జీపులో అధికారి, ఇద్దరు పోలీసులు వచ్చి, ఊరంతా చూస్తుండగా అత్త చేత నీళ్ళు తోడించారు. మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళు ఆ బావి వైపే రాలేదు. నెల తిరక్కుండా పడమటి వీధిలో తమ కోసం కొత్త బావి తవ్వుకున్నారు. పిల్లలం పండగలా ఎగురుతుంటే నాయనమ్మ ఖాళీ గట్టు మీద చేద పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"నీళ్ళొచ్చాయే," అంది అత్తతో. "మనుషులే పోయారు."

ఆ తర్వాత ఏ పెద్దింటి నుంచీ ఆవిడకి పిలుపు రాలేదు. వానలు పడ్డాక జ్వరంతో పోయింది. అత్త మైలవరం వైపు టీచరుగా వెళ్ళిపోయి, బతికినన్నాళ్ళూ మళ్ళీ ఊరు చూడలేదు.

రెండు బావులూ ఇప్పుడు లేవు, పూడ్చి సిమెంటు రోడ్లు వేశారు. ఇంటింటికీ కుళాయి ఉంది. కిందటి వేసవిలో ఊరికి వెళ్తే, ఆ మోతుబరి ఇంటి ముందు నీడకి ఆగిన నన్ను వాళ్ళ కోడలు పిల్ల "ఎండలో ఎందుకండి, లోపలికి రండి" అని పిలిచి, కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. తాగాను. మా నాయనమ్మ గురించి చెప్పాలనిపించింది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, గ్లాసు చేతికిచ్చి వచ్చేశాను.