జేబులో బల్బు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది తేడాగా కనిపించినా దాని వెనక ఎవరో ఒకరి తప్పు ఉంటుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతాను, ఈ ఒక్కటి తప్ప.

శ్రీకాకుళం నుంచి వచ్చి అల్వాల్‌లో కాపురం పెట్టిన రోజులు. ఐటీ కంపెనీలు ఎవరు కనిపిస్తే వాళ్లని ఉద్యోగాల్లోకి లాక్కుంటున్న కాలం. నేనూ ఆ ఊపులో ఒక పాత కారు కొన్నాను. ఎయిర్‌బ్యాగులున్న కారని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నెల తిరక్కుండానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు ఎర్రగా వెలిగింది, మరి ఆరలేదు.

మా ఆవిడ సత్యకి అప్పుడు ఏడో నెల. "ఏటండీ ఇది, ఎక్కడైనా గుద్దితే ఆ బ్యాగు తెరుచుకోదేటి?" అని రోజూ పోరు.

రాంగోపాల్‌పేట్‌లో ఖాజా భాయ్ అని ఒక మెకానిక్. వైర్లన్నీ వెతకాలి, రెండు రోజులు బండి వదలమన్నాడు. నాకు ఆఫీసులో ఊపిరాడని పని. లైటు ఆరితే చాలన్నాను.

"గిట్ల చేసుడు మంచిది గాదు సార్" అంటూనే మీటరు విప్పి, ఆ గుర్తు వెనకున్న బల్బు పీకేశాడు. తీసిన పార్టు కస్టమర్ చేతిలో పెట్టడం అతని పద్ధతి. శనగగింజంత బల్బుని కాగితంలో చుట్టి ఇస్తే చొక్కా జేబులో వేసుకున్నాను. సత్యకి మాత్రం రిపేరైందని చెప్పాను. పాపం, నమ్మింది.

మర్నాడు పొద్దున్న ఆమెను చెకప్‌కి తీసుకెళ్తుంటే లోతుకుంట దగ్గర ఆ గుర్తు వెలిగింది. ఎండేమో అని చెయ్యి అడ్డం పెట్టాను. ఎర్రగానే ఉంది.

"బాగు చేయించీసేనన్నారు కదండీ" అంది సత్య.

జేబు తడుముకున్నాను. బల్బు కాగితంలోనే ఉంది. తీసి చూపించి, చేసిన పని చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కారు ఆపించి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

అట్నుంచి అటే గ్యారేజీకి పోయాను. దారంతా వెలుగుతూనే ఉంది. ఖాజా భాయ్ కళ్లారా చూసి, మీటరు విప్పాడు. బల్బు ఉండాల్సిన చోట ఖాళీ. "యా అల్లా" అని చేతులు వెనక్కి తీసుకున్నాడు. పక్క బల్బుల వెలుగేమో అని ఒక్కొక్కటే వెలిగించి చూశాం. కాదు. ఆ తర్వాత వైర్లన్నీ వెతికితే, సత్య కూర్చునే వైపు ఎయిర్‌బ్యాగు వైరు ఎలుక కొరికి తెగి ఉంది.

ఇది విన్నవాళ్లంతా తర్వాత యాక్సిడెంటు అయిందా అని అడుగుతారు. అవలేదు. వైరు మార్పించాం, కొత్త బల్బు వేయించాం, పాప పుట్టింది, కొన్నాళ్లకి కారూ అమ్మేశాం.

బల్బు లేని చోట వెలుగెలా వచ్చిందో ఎంత తన్నుకున్నా నాకు అంతుపట్టలేదు. ఏడో నెల మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టి అంత తేలిగ్గా అబద్ధం ఎలా ఆడానో, అదీ అంతుపట్టదు.

ఇప్పటికీ నేను ఏదైనా రిపేరు చేయించానంటే సత్య మాటతో సరిపెట్టుకోదు. తీసిన పార్టు చూపించమని చెయ్యి చాపుతుంది.