తోక చక్రం చప్పుడు

అక్క సంవత్సరీకానికి నూజివీడు వెళ్ళినప్పుడు, మామిడి పూతకు డ్రోనుతో మందు కొట్టడం చూశాను. తోట మీద తిరిగి వచ్చి గట్టు మీద వాలింది. నేలను తాకినప్పుడు చప్పుడే లేదు.

మన వయసు వాళ్ళలో కొందరికి గుర్తుండే ఉంటుంది, ఎనభైలలో తేనెమంచు పురుగుకు చిన్న విమానంతో మందు చల్లేవారు. మా బావ దాన్ని నడిపేవాడు, నేను మెకానిక్‌ని. చాట్రాయి దారిలో ముసలి చెట్లు కొట్టేసిన ఎర్రనేలే మా రన్‌వే. మొదళ్ళు పెకలించిన గుంతలు ఎంత పూడ్చినా మళ్ళీ కుంగేవి, తోక కింది చిన్న చక్రం వాటిలో పడి ఎగిరినప్పుడల్లా దాన్ని మోసే ఒంటి ఉక్కు పట్టీ పై కమ్మీకి తగిలి ఖంగుమనేది. పక్కనే పెంకుటింట్లో ఉన్న అక్క అది వినగానే పొయ్యి మీద ఎసరు పెట్టేది.

ఆ పట్టీ రెండోసారి బీట వేసినప్పుడు, మూడు పట్టీల కమాను, రబ్బరు దిమ్మ, కాస్త పెద్ద టైరు తెప్పించి బిగించాను. పరుపు మీద దిగినట్టుందని బావ మెచ్చుకున్నాడు. అక్కకు నచ్చలేదు.

"చప్పుడు లేకపోతే మీరు దిగారని నాకెలా తెలుస్తుందండీ?"

"చక్రం మూగదైతే ఏంటి, వాగడానికి నేను లేనూ?" అన్నాడు బావ.

పాత పట్టీని షెడ్డులో మేకుకు తగిలించాను.

పది రోజుల తర్వాత, పొద్దున బావ పైకెళ్ళాక నేను బయట మందు డ్రమ్ములు కడుగుతుంటే వెనక ఖంగుమంది. ఆకాశంలో విమానం లేదు, నేల మీదా లేదు, పూత రాలేంత గాలి కూడా లేదు. అక్క ఇంటి మీద పొయ్యి పొగ లేచింది. షెడ్డులోకి వెళ్ళి పాత పట్టీ మీద చెయ్యి వేశాను. సన్నగా వణుకుతోంది, నా చేతి కిందే ఆగింది.

గంటకు కబురొచ్చింది, విమానం కరెంటు తీగలకు తగిలి తోటలో పడిందని. ముందు భాగం మిగల్లేదు. తోక చక్రం మాత్రం చెక్కుచెదరలేదు, వేలితో తోస్తే తిరిగింది.

"ఇందాకే దిగారు కదరా, నేను విన్నానుగా," అంది అక్క, గంజి వారుస్తూ. ఆ మాటే ఎన్నో ఏళ్ళు అంటూ ఉండేది, అందరూ ఆమె మనసు చెదిరిందనుకున్నారు. నేనూ విన్నానని ఆమెకు ఒక్కనాడూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు మందు కొట్టే యంత్రంలో మనిషి లేడు. మంచిదే. అది దిగినా దిగకపోయినా ఎవరూ ఎసరు పెట్టరు.