నల్లదాని వాటా

క్రిస్మస్ నాడు మా ఇంట్లో పంది మాంసం వండకపోతే అది పండగే కాదు. బెంగాల్ రేవు పేట గార్డెన్ రీచ్‌లో మా తెలుగు క్రైస్తవుల ఇళ్లు చాలావాటిలో అంతే. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం పంది కూర, సాయంత్రం పక్కింటి బౌది, అంటే బెంగాలీ వదిన, పంపే కేకు. అమ్మ కూర దించగానే నాన్న గరిటె అందుకుని, ఎముకతో ఉన్న మంచి ముక్క ఒకటి ఏరి, ఆకులో పెట్టి, వెనక మెట్టు మీద ఉంచి వచ్చేవాడు. ఆ తర్వాతే ప్రార్థన, ఆ తర్వాతే మా కంచాలు. ఆ ముక్కని కాకి ఎత్తుకుపోయేదో పిల్లి ఎత్తుకుపోయేదో ఎవరం చూడలేదు. చిన్నప్పుడు ఒకసారి నేను దాని మీద చెయ్యి వేశాను. వీపు విమానం మోత మోగింది.

ఎందుకలా పెడుతున్నావని అమ్మ ఎప్పుడూ అడగలేదు. వీధి మొత్తాన్ని ఉతికి ఆరేసే నోరు ఆవిడది, ఈ ఒక్క సంగతిలో మాత్రం కుట్టేసినట్టు ఉండేది. పెద్దయ్యాక నాకు అర్థమైంది. నాన్న పుట్టుకతో క్రైస్తవుడు కాదు. శ్రీకాకుళం వైపు కొండల కింద ఊరు వాళ్లది. అమ్మని చేసుకోవడం కోసం బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్లలో మునిగింది తన కోసమా, దేవుడి కోసమా అన్న ముల్లు ఆవిడ గుండెల్లో ఉండిపోయింది. ఆ ముక్క వెనకటి దేవతకేమోనని భయం. అడిగితే అవునంటాడేమోనని ఇంకా భయం.

"రేపు పైకెల్లాక ఆయనొక కాడ, నానొక కాడ అయిపోతామేటే?" అని ఒకసారి నా దగ్గర ఏడ్చింది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంకో విషయం. నాన్న కుక్కల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కుక్కపిల్లని పెంచుకుంటానని నేను ఎంత గింజుకున్నా ససేమిరా అన్నాడు. డాకుల్లో అంతెత్తు క్రేన్ ఎక్కే మనిషి, వీధిలో కుక్క ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు. భయం అనుకున్నాం. "నాన్నా, అదుగో పులి!" అని ఏడిపించేదాన్ని. ఎన్నడూ నవ్వలేదు.

కొన్నేళ్ల కిందట మా చర్చికి కొత్త పాస్టర్ వచ్చాడు. గోదావరి వైపు కుర్రాడు. మంచివాడే, కాస్త పట్టుదల మనిషి. క్రిస్మస్ భోజనానికి పిలిచాం. నాన్న మామూలుగానే ఆకు పట్టుకుని వెనక్కి వెళ్లొచ్చాడు.

"ఎవరికండీ పెట్టారు?" అన్నాడు పాస్టర్. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కుక్కకయ్యా," అన్నాడు నాన్న.

"ఏ కుక్క?" అంది అమ్మ. అన్నేళ్లు మింగిన ప్రశ్న ఆవిడ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "కుక్కంటే గుమ్మం తొక్కనియ్యవు గదా! ఏ కుక్కకి?"

అప్పుడు చెప్పాడు నాన్న, కంచం వైపు చూస్తూ.

"మా కుర్రతనంలో అడివి పందులు చోడి చేలు కుమ్మీసీవి. కుక్కలట్టుకుని ఏటకెల్లీవోలం. ఇప్పుడైతే జైల్లో ఎట్టీస్తారు, అప్పుడు అడిగీవోడెవుడూ నేడు."

వాసన పట్టే కుక్క ముందు నడిచేదట. అది మొరిగితే మిగతావి తుప్పని చుట్టుముట్టి పందిని కదలకుండా చేసేవి. అప్పుడు బల్లేలతో మనుషులు చేరేవారు. నాన్న దగ్గర ఒక నల్ల ఆడకుక్క ఉండేది. పంది చెవి పట్టిందంటే వదిలేది కాదు. ఒక రోజు జీడితోట అంచున పెద్ద మగపంది తుప్పలోంచి సూటిగా నాన్న మీదికే వచ్చింది. కాలు జారి పడ్డాడు, చేతిలో బల్లెం ఎక్కడో పడిపోయింది.

"కోరలు నా మొకం కాడికొచ్చీసినాయి. అంతలోకే నల్లది చెవట్టీసుకుంది. పంది దాని కడుపు చీరీసినా ఒగ్గనేదు. మనుసులొచ్చి పొడిసీదాకా ఒగ్గనేదు."

వాళ్ల వేటలో ఒక కట్టుబాటు ఉంది. పంది పడ్డాక మొదటి ముక్క మనుషులకి కాదు, చెవి పట్టిన కుక్కకి. ఆ రోజూ ముందు దానికే కోసి పెట్టారు. అప్పటికే ప్రాణం పోయింది. ముక్క దాని మూతి దగ్గర అలాగే ఉండిపోయింది. నాన్న మళ్లీ వేటకి వెళ్లలేదు. ఇక్కడి షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసే తన మావయ్య దగ్గరికి రైలెక్కి వచ్చేశాడు. మరే కుక్కనీ చేరదీయడానికి మనసొప్పలేదు.

"మొక్కు కాదయ్యా," అన్నాడు. "మొక్కితే ఏదోటి అడగాల గదా? నానేటీ అడగనేదు. అది దాని వాటా. దానికెట్టకుండా నానెలా తింతాను?"

పాస్టర్ మెల్లగానే అన్నాడు: "మీ మనసు తెలిసిందండి. కానీ చూసేవాళ్లకి చనిపోయినవాళ్లకి పెట్టినట్టే ఉంటుంది. మానేస్తే మంచిదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే నాన్న "అలాగే అయ్యగారూ" అనేశాడు. అమ్మ హమ్మయ్య అనుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

ఈస్టర్‌కి మళ్లీ పంది కూర వండింది. నాన్న ఆకు తీయలేదు. కంచం ముందు కూర్చుని, "నాకు పప్పెట్టు, కడుపు బాగోనేదు," అన్నాడు. తర్వాతి క్రిస్మస్‌కి మళ్లీ పాస్టర్ వచ్చాడు, మళ్లీ అమ్మ కూర దించింది. నాన్న మళ్లీ అదే మాట.

అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఈస్టర్‌కీ అదే కడుపు, ఇప్పుడూ అదే కడుపా? ఎవలికి చెప్తన్నావు?"

అమ్మ కూరలో అన్నిటికంటే పెద్ద ముక్క ఏరి, ఆకులో కాదు, తను తినే పింగాణీ పళ్లెంలో వేసింది. వెనక మెట్టు వైపు వెళ్లలేదు. ఊరంతా చూసేలా వీధి గుమ్మంలోంచి టీ కొట్టు వైపు నడిచింది. వాసన పట్టుకుని ఒక కుంటి కుక్క ఆవిడ కొంగు వెంటే మా గుమ్మం దాకా వచ్చింది.

"నల్లది దొరకనేదు. ఎర్రదే దొరికినాది," అని పళ్లెం గడప లోపల పెట్టింది. పాస్టర్ వైపు తిరిగింది. "చచ్చిపోయినోలకి కాదయ్యగారూ, బతికున్నదానికే ఎడతన్నాను. పాపమైతే నా మీద రాసుకోమనండి. ఆయేల అది చెవొగ్గీసుంటే నాకు మొగుడేడి? ఈ గుంటేది?" అని నా వైపు చెయ్యి చూపించింది.

నాకు ఏడుపు ఆగలేదు. పాస్టర్ ప్రార్థన కోసం లేచినవాడు లేచినట్టే ఆగాడు. "దాన్ని తిననివ్వండమ్మా. ముందు అది తిననివ్వండి," అన్నాడు.

అందరం నిలబడ్డాం. గదిలో ఎముక కొరుకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాన్న రెప్ప వేయకుండా చూశాడు. అది పళ్లెం నాకడం అయ్యాక దగ్గరికి వెళ్లి, వంగి, దాని తల మీద చెయ్యి వేశాడు. చెవులు నిమిరాడు. అది కళ్లు మూసుకుంది.

పాస్టర్ ప్రార్థన చేశాడు. ఆమెన్ అనగానే నాన్న పప్పు గిన్నె పక్కకి జరిపాడు.

"ఒలే," అన్నాడు అమ్మతో. "ఇప్పుడు నాకెట్టు."