సోషల్ టీచరు, తెర మీద పాఠం

గాజువాకలో నేను కంప్యూటర్లు నేర్పిన ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పే పెద్దావిడ ఒకరుండేవారు. మౌసు ముట్టుకునే ముందు అరచెయ్యి పైటకొంగుకి తుడుచుకునేవారు. చెమటకి అది పాడైపోతుందని ఆవిడ భయం.

తెర మీద పాఠం చెప్పలేనివాళ్లు మానెయ్యాల్సిందేనని కరస్పాండెంటు ఆ ఏడు తేల్చి చెప్పేశారు. ఆవిడ భర్త మంచాన ఉన్నారు. రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని నేర్చుకునేవారు. "ఈ బాణం నా మాట ఇనడం నేదు పాపా. నానేటి సేసీది?" అనేవారు.

కరస్పాండెంటు పాఠం చూడ్డానికి వచ్చిన రోజున, ఆవిడ మౌసు నొక్కితే బొమ్మ కదల్లేదు. కంగారుగా మళ్లీ మళ్లీ నొక్కేసరికి బొమ్మలన్నీ పరిగెత్తిపోయి తెర నల్లబడింది. పిల్లలు ఘొల్లున నవ్వారు. వెనక బెంచీలో ఉన్న నేను లేవబోతే కరస్పాండెంటు వద్దన్నారు. కాసేపు చూసి ఆయన వెళ్లిపోయారు. బెల్లు కొట్టారు. క్లాసులో ఎప్పుడూ పుస్తకభాషే మాట్లాడే ఆవిడ, "ఎల్లిపోకండర్రా! ఒక్క నిమసం కూకోండి, వచ్చెత్తాది" అని బతిమాలారు. ఎవరూ ఆగలేదు.

ఆ నెలాఖరుకి ఆవిణ్ణి మాన్పించి, అదే పాఠానికి నన్ను పంపారు. బొమ్మలన్నీ చక్కగా కదిలాయి. ఒక పాప లేచి సందేహం అడిగింది.

నాకు సోషల్ రాదు.