తల్లి చూపు మీద ఎర్ర గీత

మా వాట్సాప్ బొమ్మల గ్రూపులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా బొమ్మ పెడితే, దాని మీద కనీసం ఒక్క ఎర్ర గీత పడేవరకూ ఎవరూ "బాగుంది" అనకూడదు. ఎర్ర గీత అంటే మాట కాదు, నిజంగా గీతే. ఆ బొమ్మని మన ఫోన్లోకి దింపుకుని, దాని మీద అద్దం కాగితంలాంటి ఒక ఖాళీ లేయర్ వేసి, తప్పు కనిపించిన చోట ఎర్ర రంగుతో గీసి, ఆ లేయర్‌ని తిరిగి పంపాలి. బొమ్మ వేసినవాళ్ళు దాన్ని తమ బొమ్మ మీద పరుచుకుని చూసుకుంటారు. వద్దనుకుంటే దాచేస్తారు. కింద ఉన్న అసలు బొమ్మకి ఏమీ కాదు.

ఇరవై మందిమి ఉంటాం. బొమ్మలు వేయడం ఎవరమూ ఎక్కడా నేర్చుకోలేదు. ఒకాయన లారీల వెనక అక్షరాలు రాస్తాడు. ఒకావిడ చర్చిలో ఆదివారం బడి పిల్లల కోసం కథల బొమ్మలు వేస్తుంది. నేను కంప్యూటర్లతో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు వెనక వీధికి వచ్చినదాన్ని. అందరమూ ఫోన్ల మీదే వేస్తాం, చాలామందిమి వేలితోనే.

గ్రూపులో అందరికంటే ఎక్కువ ఎర్ర గీతలు గీసింది చీమకుర్తి అక్క. ఆవిడని నేను ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. గ్రానైటు యూనిట్లో పని చేస్తుంది. పాలిష్ చేసిన నల్లరాతి పలకల మీద నీళ్ళు చల్లి, ఆ తడి ఆరిపోతుండగా ఎక్కడ వెంట్రుకవాసి పగుళ్ళలో నీళ్ళు మిగిలి కనిపిస్తాయో చూసి గుర్తు పెట్టడం ఆవిడ పని. బొమ్మల్ని కూడా అలాగే చూసేది.

నేను మొదట పెట్టింది మిరపకళ్ళంలో తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళ బొమ్మ. ఎరుపు మీద ఎరుపు వేసి, ఎండ పడే చోట కాస్త పసుపు కలిపి, దాని మీద మూడు వారాలు కూర్చున్నాను. అక్క నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల రాయి కోసే మిషను రొద.

"ఏం అమ్మాయ్, మనిషికి బరువుంటదా ఉండదా? నీ ఆడోళ్ళు కూర్చోలా, కళ్ళం మీద తేల్తన్నారు. ఆ రంగులన్నీ తర్వాత చూద్దాం. ముందు వాళ్ళని కింద కూర్చోబెట్టు తల్లీ, పాపం పొద్దుటి నించీ పని చేస్తన్నారు."

రెండు రోజులు ఆ బొమ్మ తెరవలేదు. మూడో రోజు ఆవిడ లేయర్ పరిచి చూశాను. ఎక్కువేం గీయలేదు. ఒంటి బరువు నేలకి ఆనే చోట, ఒక్కొక్క మనిషి కింద ఒక్కొక్క చిన్న గీత. అక్కడ నీడ వేయగానే ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. ఒంటరిగా వంటింట్లో నిలబడి నవ్వుకున్నాను. నేను చేసిన ఒక పనిని ఎవరైనా అంత శ్రద్ధగా చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. ఆ తర్వాత రెండేళ్ళూ ఏ బొమ్మ వేసినా, పూర్తి చేస్తున్నప్పుడే ఆవిడ గొంతు వినబడాలని ఉండేది. ఆవిడ రెండు రోజులు మాట్లాడకపోతే బొమ్మ సగంలో ఉన్నట్టే అనిపించేది.

తర్వాత పాప పుట్టింది.

ఆ మొదటి మూడు నెలల గురించి ఎవరైనా అడిగితే నాకు రెండే గుర్తు. ఒకటి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకోవడం. రెండు, ఇంటికొచ్చినవాళ్ళందరూ పాపని చేతుల్లోకి తీసుకుని బరువు అంచనా వేసి, "పాలు చాలట్లేదేమోనే" అని వెళ్ళిపోవడం. మిర్చి కోతల కాలం. గాలిలో ఘాటుకి పాప తుమ్మినా లేచి కిటికీలు మూసేదాన్ని.

అప్పుడు ఒక బొమ్మ వేశాను. మంచం మీద నేను, నా ఒళ్ళో పాప. పాప పడుకున్న పది నిమిషాలూ, పావుగంటా దొరికినప్పుడల్లా వేసి గ్రూపులో పెట్టాను. ఆ ఒక్కసారికి కట్టుబాటు పక్కన పెట్టి అందరూ బాగుందనాలని కోరుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అక్క లేయర్ వచ్చింది. నా బొమ్మలోని తల్లి రెండు కళ్ళలోంచీ రెండు ఎర్ర గీతలు బయల్దేరి, పాప తల మీదుగా పోయి బొమ్మ అంచు దగ్గర ఆగాయి. కింద వాయిస్.

"అమ్మాయ్, అన్నీ కుదిరినయ్. చెయ్యి బాగా పట్టావ్. చూపొక్కటే. తల్లి చూపు పిల్ల మీద లేదు, ఎటో ఉంది. ఒకసారి చూసుకో."

దాని కింద ఇంకెవరో "అవునక్కా, నాకూ అట్టాగే అనిపించింది" అని పెట్టారు. అది తట్టుకోలేకపోయాను. తల్లి చూపు పిల్ల మీద లేదు. రోజంతా ఇంట్లో ఏ మాట పడాల్సొస్తుందని భయపడుతున్నానో అదే మాట ఇరవై మందిలో వినిపించినట్టయింది. అక్కకి పిల్లలు లేరని నాకు తెలుసు. ఒకసారి మాటల్లో ఆవిడే చెప్పింది, నాతో మాత్రమే. అది తెలిసే రాశాను.

"పిల్లల్ని కన్నవాళ్ళకి తెలుస్తుందిలెండి ఎటు చూస్తారో."

కాసేపటికి ఆవిడ "సారీ అమ్మా" అని పెట్టింది. అంతే. ఆ తర్వాత నా బొమ్మల మీద గీత గీయలేదు. నెల తిరక్కుండా గ్రూపులోంచే వెళ్ళిపోయింది. నేను ఆ చూపు సరిచేయలేదు. పంతం. కానీ ఆ ఎర్ర లేయర్‌ని తీసేయనూ లేదు. అప్పుడప్పుడూ ఫైలు తెరిచి, గీతలు కనిపించేలా పెట్టి చూసి, మళ్ళీ దాచేదాన్ని.

పాపకి ఏడాది నిండినప్పుడు వీధి మొగలో ఫ్లెక్సీ కట్టాలని మా ఆయన సరదా పడ్డారు. "అందరూ ఫొటోలు వేయిస్తారు, మనం నువ్వు వేసిన బొమ్మ వేయిద్దాం" అన్నారు. ఒక చేత్తో పాపకి అన్నం పెడుతూ, రెండో చేత్తో ఫైలు పంపాను. ఫ్లెక్సీ షాపతను "ప్రూఫ్ చూసి ఓకే చెప్పండి మేడం" అని పెడితే చూశాను. ఓకే చెప్పాను. అక్క ఎర్ర గీతలు దాచడం మర్చిపోయాను. అవి నాకు ఎంత అలవాటైపోయాయంటే, ఉన్నాయని కూడా తెలియలేదు.

మర్నాడు పొద్దున బయట గోల.

"ఒరేయ్, చెల్లెమ్మ కళ్ళల్లోంచి లేజర్లు వస్తన్నయ్‌రోయ్, జాగ్రత్తగా ఉండు!" మా ఆయన స్నేహితుడి గొంతు.

"లేజర్లేందిరా, అది హెడ్‌లైటు. డిమ్ముకొట్టమను," అన్నాడు ఇంకొకతను.

మా అత్తయ్య గుమ్మంలోంచే అరిచారు. "దిష్టి తగలకుండా గీసిందిలేవయ్యా! మీకేం తెలుసు?" లోపలికొచ్చి నా పక్కన నిలబడి, గొంతు తగ్గించి, "దిష్టికేనా?" అని అడిగారు. అవునన్నాను.

పాపని ఎత్తుకుని వీధి మొగకి వెళ్ళాను. ఫోన్లో నా అరచేతికి సరిపోయే బొమ్మ అక్కడ నా కంటే ఎత్తుంది. గీతలు తాడంత లావున్నాయి. వాటి వెంట చూశాను. పాప తల దాటి, గోడ దాటి, బొమ్మ అంచున సగమే వేసి వదిలేసిన తలుపు దగ్గర ఆగాయి. ఆ తలుపు ఎందుకు వేశానో అప్పటిదాకా ఆలోచించలేదు. ఆ మూడు నెలలూ నేను పాపని ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను, ఎవరైనా వచ్చి కాసేపు పాపని చూసుకుంటారేమో, నేను కాసేపు పడుకుంటానేమో అని. అది బొమ్మలోకి దిగింది. అక్క నన్ను ఏమీ అనలేదు. ఉన్నది చూసి చెప్పింది. "ఎటు చూస్తన్నావమ్మాయ్?" అని ఇంకొక్క మాట అడిగే వీలు నేనే ఇవ్వలేదు.

ఫ్లెక్సీ ఫొటో తీసి ఆవిడకి పంపాను. జరిగిందంతా రాశాను. తలుపు సంగతి, లేజర్ల సంగతి, దిష్టి సంగతి. అనకూడని మాట అన్నానని, క్షమించమని రాశాను. మర్నాడు జవాబొచ్చింది.

"పాపకి నా దీవెనలు. బొమ్మ చాలా బాగుందండి."

దాన్ని ఎన్నిసార్లు చదివానో. కోపం ఉంటే బాగుండేది. నన్ను ఎప్పుడూ అండీ అనని మనిషి.

అది జరిగి ఎనిమిది నెలలు. గ్రూపులో ఇప్పుడు ఎక్కువ గీతలు నేనే గీస్తున్నాను. ఈ మధ్య సత్తెనపల్లి నుంచి ఒక కాలేజీ అమ్మాయి ముసలావిడ బొమ్మ పెట్టింది. మెడ ముందుకి వంగిపోయి ఉంది. లేయర్ మీద సరిచేశాను, కానీ గ్రూపులో పెట్టకుండా విడిగా ఆ అమ్మాయికే పంపి, ఈమె ఎవరని అడిగాను.

"మా నాయనమ్మ అక్కా. ఆమె మెడ అట్టాగే ఉండేది. పత్తి తీసీ తీసీ ఇంక నిలబడలా."

"అయితే నా గీత తీసెయ్. నీదే కరెక్టు."

"కానీ చేతులు తేడాగా లేవూ? ఎవరూ చెప్పట్లేదు."

తేడాగానే ఉన్నాయి. గంటసేపు ఆ చేతుల మీద మాట్లాడుకున్నాం. ఫోను పెట్టేశాక మనసు తేలిగ్గా ఉండాల్సింది. అక్క ఇంకా ఎక్కువగా గుర్తొచ్చింది.

పోయిన వారం మా ఆయన బండి ట్యాంకు మీద ముందు కూర్చున్న పాప బొమ్మ పూర్తి చేశాను. మిల్లు గేటు ముందు, షిఫ్టు వదిలే వేళ. అందులో ఏదో కుదరలేదు. బొమ్మని అటు తిప్పి చూశాను, దూరం పెట్టి చూశాను, రంగులు తీసేసి చూశాను. గ్రూపులో రెండు గీతలు పడ్డాయి, రెండూ నిజమే, సరిచేశాను. అయినా అది కాదు. అసలు తప్పు ఇంకా అందులోనే ఉంది.

మొన్న దాన్ని అక్కకి పంపాను. "ఇందులో ఏదో తప్పుంది. నాకు కనబడట్లేదు" అని మాత్రం రాశాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. పాప నిద్రపోయాక ఇది రాస్తూ, మధ్యలో ఇప్పటికి నాలుగుసార్లు ఫోను చూశాను. బాగుందండి అనలేదు కదా, ఇంకా చూస్తోందేమో అనుకుంటున్నాను.