ఖాళీగా దిగిపోయిన బండి

మా బావ పోయాడు. మా చెల్లెలి మొగుడు. సాలూరు ఆస్పత్రికి మోసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు సగంలో, డోలీలోనే పోయాడు. కాలిపుండు విషమించి పోయాడని క్యాంపు బంగళాలో చెప్పుకుంటున్నారట. చదువుకున్నవాళ్ళు కదా, ఏదైనా చక్కగా చెప్పుకుంటారు. మిషను బళ్ళో రెండో తరగతి దాటనివాణ్ణి, నాకు తెలిసింది ఒక్కటే. పక్కనుంచి ఖాళీ బండి వెళ్ళిపోయింది, అందుకని పోయాడు.

బావ పెద్ద యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు. ఓడెక్కి బస్రా వెళ్ళి, దెబ్బలు తిన్న సిపాయిల్ని స్ట్రెచరు మీద మోశాడు. మోస్తూ మోస్తూ తనే కాల్లో గుండు ముక్క వేయించుకుని వచ్చాడు. అతనితో వెళ్ళిన పక్క ఊరివాడు దగ్గు తెచ్చుకున్నాడు. యుద్ధానికి వెళ్ళేటప్పుడు కొండ దిగడానికి సర్కారే బండి పెట్టింది. వచ్చేటప్పుడు ఇద్దరూ నడిచి ఎక్కారు.

ఏటా వానలకి బావ కాలు పొంగేది. సాలూరులో డాక్టరు కోసి, చీము తీసి, కట్టు కడితే ఆ ఏడాది గడిచేది. అక్కడికి చేరడమే కష్టం. "బస్రాలో దెబ్బ తగిలినోడి కోసం మోటారు కాసుకోనుండీది బావా. ఇక్కడ మనమే కాసుకోని సావాల" అనేవాడు.

అందుకే అతనికో పిచ్చి పట్టింది. చక్రాలున్నది ఏది కనబడినా లోపలికి తొంగి చూసి, "ఇద్దరు పడుకోవచ్చు" అనేవాడు. సంతకొచ్చే ఉప్పు బండినీ వదల్లేదు, పాదిరిగారి బండినీ వదల్లేదు. ఒకరోజు నా మనవరాలి ఉయ్యాల చూసి కూడా ఆలోచనలో పడ్డాడు. "ఒగ్గీ బావా, గుంట పడుకోవాల" అన్నాను. ఎంతసేపు నవ్వాడో.

డోలీ మా కొండల్లో కొత్త కాదు. బావ దానికో పద్ధతి పెట్టాడు. "మోసీవోడు నోరు ముయ్యాల, పడుకున్నోడు మాటాడతా ఉండాల. ఆడి మాట ఇనబడితే ఈడి కాలు సాగుద్ది." నా కూతురు కాన్పు కష్టమై డోలీలో కొండ దిగినప్పుడు దారి పొడుగునా అతన్నే తిట్టింది. వింటూ పక్కనే కుంటుకుంటూ నడిచాడు, "తిట్టమ్మా, ఇంకా గట్టిగా తిట్టు" అంటూ. తల్లీ బిడ్డా బతికి వచ్చారు. ఆ ఉయ్యాల్లో గుంట ఆ బిడ్డే.

దొరలు విడిది చేసే ఆ క్యాంపు బంగళాకి సాలూరు నుంచి జోడెడ్ల బండి సామాను తెస్తుంది. నిండుగా ఎక్కుతుంది, ఖాళీగా దిగుతుంది. యుద్ధానికి వెళ్ళొచ్చిన రోగిష్టివాళ్ళని అందులో దింపమని బావ అడగడానికి పోతే నేనూ వెంట వెళ్ళాను. బంగళా గుమస్తా కుర్చీలోంచి కదల్లేదు.

"అది దొరవారి సామాను బండి. మనుషులకి హుకుం లేదు."

"దిగినప్పుడు సామాను నేదు కద బాబూ" అన్నాడు బావ.

"సీసాలున్నాయి."

నిజమే. ఖాళీ సోడా సీసాలు మళ్ళీ నింపించడానికి దిగుతాయి. పగలకుండా వాటి కింద మెత్తగా గడ్డి పరుస్తారు.

"అయితే మా బావనీ ఓ సీసా అనుకోండి బాబూ. ఆడూ ఖాళీయే, పొద్దుట్నించి ఏటీ తిన్నేదు" అన్నాను.

గుమస్తాకి నవ్వు రాలేదు, బావకి వచ్చింది. దొర మారినప్పుడల్లా వెళ్ళి అడిగాడు. ఒక్కడూ ఔననలేదు.

ఈ వానలకి కాలు నల్లబడింది. కుర్రాళ్ళు డోలీ ఎత్తారు. నేను తాటాకు గొడుగు పట్టాను. "ఒరే, పెళ్ళికూతుళ్ళలాగ నడుత్తన్నారేట్రా? బేగి!" అని బావ లోపల్నుంచి తిడుతూనే ఉన్నాడు. భుజాలు మార్చుకోవడానికి ఒక తూము దగ్గర దించితే, వెనక నుంచి ఎద్దుల గంటలు వినబడ్డాయి. నేను రోడ్డుకి అడ్డం నిలబడ్డాను.

"ఆపు నాయినా! మడిసి పోతన్నాడు!"

తోలేవాడు ఆపాడు గానీ దిగలేదు. "హుకుం నేదు తాతా. గుమస్తాబాబు సూత్తే నా నౌకరీ పోద్ది."

"ఈ అడివిలో ఏ సెట్టెక్కి కూకున్నాడ్రా మీ గుమస్తా?"

డోలీలోంచి బావే అన్నాడు: "ఆడికీ పిల్లలున్నారు. ఒగ్గీ బావా. నడండి."

సీసాలు గలగలమంటూ దిగిపోయాయి, గడ్డి పరుపు మీద. కాస్త దూరం నడిచాక బావ తిట్టడం ఆగిపోయింది. మోసేవాళ్ళు నోరు మెదపలేదు, అతను నేర్పింది అదే కదా. అడుగులు మాత్రం వాటంతట అవే నెమ్మదించాయి. ఎవరూ చెప్పకుండానే దించారు.

ఆ రోడ్డుకి రాళ్ళు కొట్టింది మేము. కూలి లేకుండా, వెట్టికి, మా ఆడవాళ్ళు కూడా కొట్టారు. దాని మీద సీసాలకి ఉన్న దారి మాకు లేదు.

గుమస్తా పరామర్శకి వచ్చి, "దేవుడు తీసుకెళ్ళాడు" అన్నాడు.

"ఏ బండిలో బాబూ? ఆయనకి హుకుం ఎవులిచ్చారు?" అన్నాను. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మొన్న, బావతో యుద్ధానికి వెళ్ళిన ఆ పక్క ఊరివాడు దగ్గితే నెత్తురు పడింది. కబురు తెలిసి చెల్లి మా ఇంటికొచ్చింది. "అన్నా, లెగు. బండి దిగే రోజు ఇయ్యాల."

అతన్ని మోసుకుని బంగళా దగ్గరికి వెళ్ళాం. గేటు బయట బండి సిద్ధంగా ఉంది. చెల్లి ఎవర్నీ అడగలేదు. సీసాలు ఓ పక్కకి జరిపి, ఆ గడ్డి మీద అతన్ని పడుకోబెట్టి, తనూ ఎక్కి పక్కన కూర్చుంది. గుమస్తా వసారాలోంచి కేకేశాడు, "ఎవరే నువ్వు? ఎవరిచ్చారు హుకుం?"

"ఎవులూ ఇవ్వనేదు. హుకుం కోసం సూసి సూసి నా పెనిమిటి పోనాడు. ఇంక సూడను."

గుమస్తా మెట్లు దిగి వస్తుంటే నేను గేటుకి అడ్డంగా కూర్చుని, మోకాళ్ళు పట్టేశాయి, లేవలేనన్నాను. కేసు పెడతానన్నాడు. పెట్టుకోమన్నాను, కోర్టుకి రావడానికి బండి పంపమన్నాను. తోలేవాడు మా చెల్లి మొహం వైపు చూడలేకపోయాడు. గుమస్తా వైపూ చూడలేదు. ఎద్దుల్ని మెల్లిగా అదిలించాడు.

మంచు ఇంకా విడలేదు. ముందు ఎద్దులు కనబడకుండా పోయాయి, తర్వాత బండి గూడు. వెనకపలక మీద వేసిన మా చెల్లి చెయ్యి మాత్రం మలుపు తిరిగేదాకా కనబడుతూనే ఉంది.